ఎన్‌సీవీ టెస్టు: మిషను సంగతి సరే, టేపు ఎవరు పట్టారు?

అరికాళ్ళు తిమ్మిర్లెక్కుతున్నాయనో, రాత్రిళ్ళు అరచెయ్యి మొద్దుబారి నిద్ర లేపుతోందనో నరాల డాక్టరు దగ్గరికి వెళ్తే చీటీ మీద ఎన్‌సీవీ (నర్వ్ కండక్షన్ వెలాసిటీ, అంటే నరంలో సంకేతం పోయే వేగం) అని రాసిస్తారు. జనం నోట అది నరాల టెస్టు, లేదా కరెంటు టెస్టు. కండరంలో సూది గుచ్చి చూసే సూది పరీక్ష కూడా కలిపి చేస్తే ఈఎన్‌ఎంజీ అంటారు. అరగంట నుంచి గంట పడుతుంది. చేతికి నాలుగైదు పేజీల అంకెలు, చివర ఒక్క వాక్యం ఉన్న రిపోర్టు ఇస్తారు. అందరూ చదివేది ఆ వాక్యమే.

ఈ రివ్యూ ఫలానా ల్యాబు గురించి కాదు, ఆ పరీక్ష గురించే. మా అంచనా ముందే చెప్పేస్తాం: మణికట్టులో నరం నొక్కుకుపోయే జబ్బుకి, షుగర్ వల్ల దెబ్బతిన్న పెద్ద నరాలకి, నరాల పొర కరిగే జబ్బులకి దీన్ని మించిన పరీక్ష లేదు. అరికాలి మంటలకి మాత్రం దీని మీద ఆశ పెట్టుకోకూడదు. ఇంకో మాట. షుగర్ టెస్టులో రక్తం పోస్తే మిషనే అంకె చెబుతుంది. ఇక్కడ అలా కాదు. సంకేతాన్ని అందుకునే బిళ్ళ, అంటే ఎలక్ట్రోడు, ఎక్కడ అంటించారు, దూరం కొలిచే టేపు ఎలా పట్టారు, చెయ్యి ఎంత చల్లగా ఉంది అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. ఖరీదైన మిషను ఉన్న చోట చెత్త రిపోర్టు, పాత మిషను దగ్గర మంచి రిపోర్టు రావడం మామూలే.

అసలు ఇది కొలిచేదేమిటి? మెదడు, వెన్నుపాము కలిపి కేంద్ర నాడీ వ్యవస్థ. వాటి నుంచి బయటికి వచ్చే 12 జతల కపాల నరాలు, 31 జతల వెన్ను నరాలు, వాటి కొమ్మలు కలిపి బయటి వ్యవస్థ. ఎన్‌సీవీ చూసేది ఈ బయటి తీగల్నే. అందుకే పక్షవాతం వచ్చి చెయ్యి లేవని మనిషికి కూడా ఈ టెస్టు నార్మల్ రావచ్చు. దెబ్బ మెదడులో ఉంటే చేతి నరాన్ని ఎంత పరీక్షించినా ఏం దొరుకుతుంది?

బయటి తీగల్లో రెండు రకాలు. కండరాన్ని కదిలించే తీగ తాలూకు కణం వెన్నుపాము లోపలే, ముందు వైపు ఉంటుంది. స్పర్శని మోసుకొచ్చే తీగ తాలూకు కణం మాత్రం వెన్నుపాములో ఉండదు, పక్కనే వెన్నుపూసల సందులో చిన్న ముడిలాంటి భాగంలో ఉంటుంది. నడుం దగ్గరున్న ఆ ఒక్క కణం తోక కాలి బొటనవేలి కొస దాకా, మీటరు పైనే, సాగుతుంది. తోకకి కావలసిన సరుకంతా ఆ కణం నుంచే వెళ్ళాలి కాబట్టి, షుగర్ లాంటి జబ్బులు ముందు కాలివేళ్ళనే పట్టుకుంటాయి. ముడి వెన్నుపాము బయట ఉందన్న విషయం గుర్తు పెట్టుకోండి, సయాటికా దగ్గర అవసరం పడుతుంది.

సంకేతం నడిచే తీరు ఇది. విశ్రాంతిలో ఉన్న నాడీతంతువు లోపలి వైపు, బయటితో పోలిస్తే సుమారు 70 మిల్లీవోల్టులు రుణంగా ఉంటుంది. ప్రేరణ తగలగానే సోడియం ద్వారాలు తెరుచుకుని సోడియం లోపలికి దూకుతుంది, ఆ చోట విద్యుదావేశం తిరగబడుతుంది. అది పక్క చోటుని లేపుతుంది, అది ఆ పక్కదాన్ని. పెద్ద తంతువుల చుట్టూ మైలిన్ పొర చుట్టి ఉంటుంది, సుమారు మిల్లీమీటరుకో సందు వదిలి. సంకేతం ఆ సందు నుంచి ఈ సందుకి గెంతుకుంటూ పోతుంది కాబట్టి చేతుల్లో సెకనుకి 50, 60 మీటర్ల వేగం వస్తుంది. పొర లేని సన్నని తంతువుల్లో అదే సంకేతం సెకనుకి అర మీటరు నుంచి రెండు మీటర్లు. కొస చేరాక ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై కండరం కదులుతుంది. 1850లో హెల్మ్‌హోల్ట్జ్ కప్ప నరంలో ఈ వేగాన్ని మొదటిసారి కొలిచి చూపించేదాకా, సంకేతం కొలవలేనంత వేగంగా పోతుందని శాస్త్రవేత్తలే నమ్మేవారు. ఈ రోజు ల్యాబులో చేసే లెక్క కూడా అదే: రెండు చోట్ల తట్టి, అంటే చిన్న షాక్ ఇచ్చి, కాలాల తేడా చూసి, దానితో దూరాన్ని భాగించడం.

చేతిలోని మీడియన్ నరం మీద ఆ పని ఎలా జరుగుతుందో చూడండి. బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే కండరం మధ్యలో ఒక ఎలక్ట్రోడు, బొటనవేలి కీలు మీద రెండోది అంటిస్తారు. చేతి వెనక, తట్టే చోటుకీ నమోదు చేసే చోటుకీ మధ్యన గ్రౌండు ఎలక్ట్రోడు. మొదటి ఎలక్ట్రోడు నుంచి సరిగ్గా 7 సెంటీమీటర్లు కొలిచి, మణికట్టు మధ్యలో రెండు కొమ్ముల స్టిమ్యులేటరు పెట్టి షాక్ ఇస్తారు. బొటనవేలు ఎగురుతుంది, తెర మీద గుడిగోపురంలా ఒక తరంగం లేస్తుంది. షాక్ నుంచి తరంగం లేచేదాకా పట్టిన కాలం లేటెన్సీ. తర్వాత మోచేతి ముడత దగ్గర మళ్ళీ తడతారు. మణికట్టు దగ్గర 3.6 మిల్లీసెకన్లు, మోచేయి దగ్గర 7.8 వచ్చాయనుకుందాం. తేడా 4.2. రెండు చోట్ల మధ్య దూరం టేపుతో 220 మిల్లీమీటర్లు. 220ని 4.2తో భాగిస్తే సెకనుకి 52.4 మీటర్లు. చేతిలో 49 దాటితే చాలా ల్యాబుల్లో నార్మల్ కిందే లెక్క.

మణికట్టుతోనే సరిపెట్టి వేగం ఎందుకు లెక్కకట్టరంటే, ఆ 3.6లో నరం తీసుకున్న సమయంతో పాటు నరానికీ కండరానికీ మధ్య రసాయనం దాటే సమయం కూడా కలిసి ఉంటుంది. రెండో చోటు నుంచి తీసేస్తే ఆ అదనం కొట్టుకుపోతుంది.

ఇప్పుడు టేపు సంగతి. అదే చేతికి టేపు ఒక సెంటీమీటరు తక్కువ చూపిస్తే వేగం 50కి దిగుతుంది. రెండు సెంటీమీటర్లు తక్కువైతే 47.6, అంటే రిపోర్టులో ఎర్ర అక్షరాలు. నరానికేమీ కాలేదు, టేపు వంకర పోయింది, అంతే. చిటికెనవేలి వైపు వెళ్ళే అల్నార్ నరం దగ్గర ఇది ఇంకా ఘోరం. మోచేతి గుంటలో ఆ నరం నొక్కుకుందా అని చూడటానికి, మోచేయి కిందా పైనా తట్టి, మధ్యనున్న సుమారు 10 సెంటీమీటర్ల ముక్కలో వేగం కడతారు. 10 సెంటీమీటర్లలో ఒక్క సెంటీమీటరు తప్పంటే ఫలితంలో పది శాతం తప్పు. పైగా చెయ్యి చాచి ఉంటే నరం లోపల వదులుగా ముడుచుకుని ఉంటుంది, పైన చర్మం మీద కొలత తక్కువ వస్తుంది, బాగున్న నరం కూడా నెమ్మదిగా కనిపిస్తుంది. మోచేయి మడిచి, దాదాపు 90 డిగ్రీలకో ఇంకాస్త ఎక్కువకో పెట్టి, టేపుని ఎముక వెంబడి వంపుగా తిప్పి కొలవాలి. మీ చెయ్యి చాచి పెట్టి కొలుస్తుంటే అడగండి, తప్పేం లేదు.

చలి ఇంకో దొంగ. పరీక్ష గదిలో ఏసీ పద్దెనిమిది మీద పెట్టి, అరగంట కూర్చోబెట్టి, చేతులు మంచుముక్కల్లా అయ్యాక తడితే వేగం పడిపోతుంది. చర్మం వేడి ఒక డిగ్రీ తగ్గితే వేగం సెకనుకి ఒకటిన్నర నుంచి రెండున్నర మీటర్లు తగ్గుతుంది, లేటెన్సీ 0.2 మిల్లీసెకను పెరుగుతుంది. చేతి వేడి 32 డిగ్రీలకి తగ్గకూడదన్నది మామూలు నియమం. 28 దగ్గర చేస్తే ఏ జబ్బూ లేని మనిషి కూడా చేతి నరం నొక్కుకుపోయిన మనిషిలా కనిపిస్తాడు. చలిలో ఒక తమాషా కూడా జరుగుతుంది: వేగం తగ్గుతుంది, తరంగం ఎత్తు మాత్రం పెరుగుతుంది. చల్లదనంలో సోడియం ద్వారాలు మూసుకోవడం ఆలస్యమవడం వల్ల అది. కాబట్టి రిపోర్టులో వేగాలన్నీ కొంచెం కొంచెం తగ్గి, ఎత్తులు మాత్రం దర్జాగా ఉంటే ముందు అనుమానించాల్సింది జబ్బుని కాదు, ఏసీని. మంచి ల్యాబులో చర్మం వేడి కొలిచి రిపోర్టులో రాస్తారు. చెయ్యి చల్లగా ఉంటే పది నిమిషాలు గోరువెచ్చని నీళ్ళలో పెట్టిస్తారు. వేడి రాయని రిపోర్టుకి మేం సగం మార్కులే వేస్తాం.

షాక్ ఎంత ఇవ్వాలన్నది మరో మెలిక. నరంలోని తంతువులన్నీ ఒకేసారి లేవాలంటే, కరెంటు పెంచుకుంటూ పోయి, తరంగం ఇక పెరగదు అన్న చోట ఆగి, ఇంకో 20 నుంచి 25 శాతం ఎక్కువ ఇవ్వాలి. కండరాల పరీక్షలో అది తరచు 20 నుంచి 50 మిల్లీఆంపియర్ల మధ్య తేలుతుంది, ఒక్కో షాక్ 0.2 మిల్లీసెకను పాటు. చురుక్కుమంటుంది, వేలు తనంతట తాను ఎగురుతుంది, కానీ అపాయం లేదు. రోగి మొహం చిట్లిస్తున్నాడని టెక్నీషియన్ జాలిపడి సగంలో ఆపేస్తేనే అపాయం. లోతుగా నరం ఉండే మోచేయి దగ్గర, మోకాలి వెనక గుంటలో సరిపడా కరెంటు ఇవ్వకపోతే తరంగం చిన్నదిగా వస్తుంది, దారిలో నరం మూసుకుపోయిందని రిపోర్టు రాస్తుంది. లావుపాటి కాళ్ళలో మోకాలి వెనక ఇది తరచూ జరిగే పొరపాటు. అతి కూడా పనికిరాదు. మణికట్టు దగ్గర ఎక్కువ కరెంటు పెడితే పక్కనున్న అల్నార్ నరం కూడా లేచి తరంగం ఆకారమే మారిపోతుంది. స్టిమ్యులేటరు రెండు కొమ్ముల్లో రుణ కొమ్ము, అంటే కాథోడ్, నమోదు చేసే ఎలక్ట్రోడు వైపు ఉండాలి. తిరగేసి పట్టుకుంటే లేటెన్సీ 0.3 నుంచి 0.5 మిల్లీసెకను దాకా ఊరికే పెరుగుతుంది. సరిహద్దులో ఉన్న చేతికి ఆ మాత్రం చాలు, జబ్బు ముద్ర పడటానికి.

స్పర్శ నరాల దగ్గర కష్టం వేరే. కండరం తరంగం మిల్లీవోల్టుల్లో ఉంటే, స్పర్శ తరంగం మైక్రోవోల్టుల్లో, అంటే వెయ్యోవంతు స్థాయిలో ఉంటుంది. కాలి పిక్క వెనక సూరల్ నరంలో 6 మైక్రోవోల్టులు వస్తే నార్మల్ అంటారు. మన గోడ కరెంటు 50 హెర్ట్జ్‌ది, పక్కనే ఫోను ఛార్జరో ఎక్స్‌టెన్షన్ బోర్డో ఉంటే ఆ అల ఈ చిన్న తరంగాన్ని మింగేస్తుంది. అప్పుడు పదహారు సార్లు తట్టి సగటు తీస్తే గోల నాలుగో వంతుకి తగ్గుతుంది. ఒకే ఒక్కసారి తట్టి, అలలు అలలుగా ఉన్న గీతలో తరంగం కనపడక, రెస్పాన్స్ లేదని రాసిన రిపోర్టులు బోలెడు. రెస్పాన్స్ లేదన్న మాటకీ, దొరకలేదన్న మాటకీ చాలా తేడా ఉంది.

రిపోర్టు చదవడం అంత కష్టమేం కాదు. పెళ్ళికి మగపెళ్ళివారు తరలి వస్తున్నారనుకోండి. మొదటి బండి ఎప్పుడొచ్చిందన్నది వేగం. మొత్తం ఎంతమంది వచ్చారన్నది తరంగం ఎత్తు, దాన్నే ఆంప్లిట్యూడ్ అని రాస్తారు. మొదటి బండి సమయానికి వచ్చి, జనం మాత్రం పావు వంతే ఉంటే తంతువులు చచ్చిపోతున్నట్టు. దాన్ని ఆక్సానల్ అంటారు. షుగర్, మందుల విషప్రభావం, బీ12 లోపం, తాగుడు ఎక్కువగా ఈ దారిన పోతాయి. బండ్లన్నీ ఆలస్యంగా, చెల్లాచెదురుగా వస్తుంటే మైలిన్ పొర పోతున్నట్టు, అది డీమైలినేటింగ్. చేతిలో వేగం 35 కంటే, కాలిలో 30 కంటే కిందకి పడితే పొర జబ్బుని గట్టిగా అనుమానిస్తారు. ఈ తేడా తెలుసుకోవడమే ఈ టెస్టుకి పెట్టిన డబ్బుకి అసలు ప్రతిఫలం, ఎందుకంటే గులియన్ బారీ లాంటి పొర జబ్బులకి వైద్యం పూర్తిగా వేరు. చివరి వాక్యంలో న్యూరోపతీ అని మాత్రమే రాసి, ఈ రెంటిలో ఏదో చెప్పకపోతే ఆ రిపోర్టు సగం పనే చేసినట్టు. అన్నట్టు, మనవాళ్ళు నీరసానికీ, వణుకుకీ, భయానికీ, అన్నింటికీ వాడే నరాల బలహీనత అనే జబ్బు పేరు ఏ ఎన్‌సీవీ రిపోర్టులోనూ అచ్చవదు.

ఇక ఈ పరీక్ష చేతకాని చోట్లు. ఇది పెద్ద, పొర ఉన్న తంతువుల్ని మాత్రమే వింటుంది. మంట, సూదులు గుచ్చినట్టుండటం, వేడి చల్లదనం తెలియకపోవడం, ఇవన్నీ మోసేవి సన్న తంతువులు. వాటి గొంతు ఈ మిషనుకి వినపడదు. షుగర్ మొదటి దశలో అరికాళ్ళు నిప్పుల మీద పెట్టినట్టు మండుతుంటే, టెస్టు నార్మల్ వచ్చిందని మంట అబద్ధమైపోదు. ఆ నార్మల్‌కి అర్థం పెద్ద తీగలు ఇంకా బాగున్నాయని మాత్రమే.

సయాటికాకి ఈ టెస్టు రాయించుకున్నవాళ్ళు నార్మల్ చూసి తికమకపడతారు. డిస్కు నొక్కేది నరం వేరుని, సాధారణంగా స్పర్శ కణాలున్న ముడికి లోపలి వైపు. ముడికీ కాలికీ మధ్య తీగ చెక్కుచెదరలేదు, కాబట్టి కాలు మొద్దుబారినా సూరల్ తరంగం చక్కగా వస్తుంది. నిజానికి అదే ఆధారం: మొద్దు ఉండి, స్పర్శ తరంగం నార్మల్ అయితే దెబ్బ ముడికి పైన ఉందని. తేల్చడానికి కండరంలో సూది పెట్టి చూడాలి. నడుం నొప్పికి సూది పరీక్ష లేకుండా ఉత్త ఎన్‌సీవీ చేయించడం చాలాసార్లు డబ్బు దండగే.

తొందరపడినా అంతే. ప్రమాదంలో నరం తెగిన రెండో రోజు, తెగిన చోటుకి కింద తడితే కండరం మామూలుగానే ఎగురుతుంది, ఎందుకంటే కింది ముక్క ఇంకా చావలేదు. కండరం తరంగం పడిపోవడానికి వారం దాకా, స్పర్శ తరంగానికి పది రోజుల దాకా పడుతుంది. సూది పరీక్షలో లక్షణాలు తేలడానికి రెండు మూడు వారాలు. గులియన్ బారీలో కూడా మొదటి వారం దాదాపు నార్మల్‌గా ఉండొచ్చు. ఎఫ్ వేవ్ అనే, వెన్నుపాము దాకా వెళ్ళి తిరిగొచ్చే సంకేతం ముందు పాడవుతుంది కాబట్టి అది చేశారో లేదో చూడాలి, అనుమానం పోకపోతే వారం పది రోజులకి మళ్ళీ చేయించాలి.

బాగా పనికొచ్చేది మణికట్టులో మీడియన్ నరం నొక్కుకుపోయే కార్పల్ టన్నెల్‌కి. బీడీలు చుట్టేవాళ్ళు, టైలర్లు, రోజంతా పిండి పిసికేవాళ్ళు, గర్భిణులు ఎక్కువగా దీనికే వస్తారు. ముదిరిన కేసుని మామూలు పద్ధతే పట్టేస్తుంది. తొలి దశలో మాత్రం విడివిడి అంకెలన్నీ నార్మల్ గీత లోపలే ఉంటాయి. అప్పుడు అదే చేతిలో మీడియన్‌నీ అల్నార్‌నీ ఒకే దూరంలో పోల్చాలి. అరచేతి నుంచి మణికట్టుకి 8 సెంటీమీటర్లలో రెంటి మధ్య తేడా 0.4 మిల్లీసెకను గానీ ఆ పైన గానీ ఉంటే నొక్కుడు ఉన్నట్టే. ఒకే చేతిలో పోలుస్తున్నారు కాబట్టి చలీ, వయసూ రెండింటికీ సమానమే, ఆ తప్పులు రద్దయిపోతాయి. మొత్తం పరీక్షలో మాకు బాగా నచ్చే భాగం ఇదే. చేయనిచోట చేయమని అడగండి, ఐదు నిమిషాల పని.

ఉచిత షుగర్ క్యాంపుల్లో పాదానికి వణికే పుల్ల ఆనించి నరాలు ఎంత పోయాయో చెబుతారు కదా, అది బయోథీసియోమీటరు, ఎన్‌సీవీ కాదు. అది 25 వోల్టులు దాటినా తెలియకపోతే పాదానికి పుండు పడే ముప్పు ఎక్కువని చెబుతుంది. 10 గ్రాముల మోనోఫిలమెంటు దారం చేసే పనీ అదే. ముప్పు తెలుసుకోవడానికి అవి చాలు, ఏ నరం, ఏ రకం దెబ్బ అన్నది చెప్పలేవు.

వెళ్ళే రోజు చేతులకీ కాళ్ళకీ కొబ్బరినూనె, క్రీములు రాసుకోకండి, ఎలక్ట్రోడు అంటుకోదు. గాజులు, ఉంగరాలు, పట్టీలు, మెట్టెలు ఇంట్లోనే తీసి వెళ్ళడం నయం. మోకాలి పైకి జరిగే వదులు బట్టలు వేసుకోండి. పరగడుపున వెళ్ళక్కర్లేదు, షుగర్ మందు మానక్కర్లేదు. పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి. రక్తం పలచబడే మందు వాడుతుంటే సూది పరీక్షకి ముందు తప్పకుండా చెప్పాలి. రెప్పలు వాలిపోయే మయస్థీనియా అనుమానంతో వెళ్తుంటే మామూలు ఎన్‌సీవీ పనికిరాదు, సెకనుకి రెండు మూడు షాకుల చొప్పున వరసగా ఇచ్చి తరంగం పది శాతానికి పైగా తగ్గుతుందా అని చూసే రిపిటిటివ్ నర్వ్ స్టిమ్యులేషన్ విడిగా రాయించుకోవాలి. ఆ జబ్బు మాత్రలు ముందు ఎన్ని గంటలు ఆపాలో డాక్టరునే అడగాలి, సొంతంగా మానకూడదు.

వయసు అరవై దాటినవాళ్ళకి, పాదాలు వాచినవాళ్ళకి సూరల్ తరంగం రాకపోయినంత మాత్రాన కంగారు పడక్కర్లేదు, ఆ వయసుకి తగ్గ నార్మల్ ఏదో రిపోర్టులో పక్కన రాశారో లేదో చూడండి. చివరగా, అంకెల పట్టికతో తృప్తిపడి వచ్చేయకండి, తరంగాల గ్రాఫులు అచ్చువేసి ఇవ్వమనండి. ఆరు నెలలకో ఏడాదికో మళ్ళీ చేయించినప్పుడు పాత గ్రాఫులు పట్టుకుని అదే ల్యాబుకి వెళ్ళండి. పోయినసారి 48, ఈసారి 46 వచ్చిందని జబ్బు ముదిరిందనుకునే ముందు, రెండుసార్లూ చేతి వేడి ఎంత రాశారో చూడాలి.